వీడియో డీకోడర్లలో టైమింగ్ బగ్‌లు: నిర్ధారణ, సవరణ, నిర్వహణ

కుదించి దాచిన వీడియోను విప్పి మళ్లీ బొమ్మలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌ను వీడియో డీకోడర్ అంటారు. బొమ్మ చెడకుండా రావడంతో దాని పని పూర్తికాదు. ఆ బొమ్మ ఏ క్షణాన తెర మీదికి రావాలి, ఎంతసేపు నిలవాలి అన్నది కూడా అది ప్లేయర్‌కు తప్పు లేకుండా అందించాలి. ఈ లెక్క చెడినప్పుడు పుట్టేవే టైమింగ్ బగ్‌లు. నటుడి పెదవులు ఆగిన తర్వాత మాట వినిపించడం, కెమెరా పక్కకు తిరిగినప్పుడు దృశ్యం కుదుపులతో సాగడం, బొమ్మ ఒక అడుగు ముందుకు వేసి వెనక్కి రావడం, గంటలకొద్దీ బాగా నడిచిన ప్రసారం ఉన్నట్టుండి బిగుసుకుపోవడం వీటి బయటి లక్షణాలు.

ఈ బగ్‌లు చాలావరకు ఒకే మూలానికి చేరతాయి. ప్రతి ఫ్రేమ్‌తో పాటు దాని సమయం కూడా డేటాగా ప్రయాణిస్తుంది. ఆ సమయాన్ని వచ్చింది వచ్చినట్టు, దాని కొలమానంతో సహా చివరిదాకా మోయాలి. దారిలో ఎక్కడైనా దాన్ని గుండ్రం చేసినా, కొలమానం మరిచినా, ఊహించి రాసినా లోపం మొదలవుతుంది. అది బయటపడే చోటు మాత్రం పుట్టిన చోటికి చాలా దూరంలో ఉంటుంది. అందుకే ఈ పనిలో సవరణ కన్నా నిర్ధారణ కష్టం, నిర్ధారణ కన్నా ఏళ్ల తరబడి నిర్వహణ కష్టం.

నేపథ్యం

సినిమా రీలు కాలంలో ఫ్రేమ్‌కు విడిగా సమయం రాయాల్సిన అవసరం లేదు. ప్రొజెక్టర్ సెకనుకు 24 ఫ్రేమ్‌ల చొప్పున తిప్పేది, శబ్దం అదే రీలు అంచున ఉండేది. డిజిటల్ వీడియోలో బొమ్మ, శబ్దం, సబ్‌టైటిల్ వేర్వేరు ప్రవాహాలుగా కుదించబడి, ముక్కలుగా కలగలిసి వస్తాయి. వాటిని మళ్లీ జతపరచడానికి మిగిలే ఆధారం ప్రతి ముక్క మీద ఉండే టైమ్‌స్టాంప్ ఒక్కటే.

1992లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన వీడియో ఫర్ విండోస్‌తో వచ్చిన ఏవీఐ ఫైళ్లలో ఫ్రేమ్‌వారీ టైమ్‌స్టాంప్‌లు లేవు. ఒక స్థిరమైన ఫ్రేమ్ రేటు ఉంటుంది, ఎన్నో ఫ్రేమ్ అన్నదాన్ని బట్టి సమయం లెక్కగట్టుకోవాలి. 1993లో ప్రమాణమైన ఎంపెగ్-1, ఆ వెంటనే వచ్చిన ఎంపెగ్-2 ఈ పద్ధతిని మార్చి, ప్రవాహంలోనే టైమ్‌స్టాంప్‌లు పెట్టాయి. నేటి డిజిటల్ టీవీ ప్రసారాలు చాలావరకు ఆ పునాది మీదే నడుస్తున్నాయి.

ప్లేయర్ల వైపు, ఎకోల్ సెంట్రాల్ పారిస్ కళాశాలలో 1996లో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన వీడియోలాన్ నుంచి వీఎల్‌సీ వచ్చింది. 2000లో ఫాబ్రిస్ బెలార్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్, డీకోడర్ల పెద్ద భాండాగారంగా ఎదిగింది. ఇవి రెండూ ఓపెన్ సోర్స్. టైమింగ్ బగ్‌లు ఎలా పుడతాయో, ఎలా పరిష్కారమవుతాయో బయటివారు కూడా చదివి తెలుసుకోగలగడానికి ఇలాంటి ప్రాజెక్టులే కారణం.

టిక్కులు, టైమ్ బేస్

వీడియో లోపల సమయాన్ని సెకన్లలో రాయరు, టిక్కులలో రాస్తారు. సెకనుకు ఎన్ని టిక్కులో చెప్పే కొలమానమే టైమ్ బేస్. ఎంపెగ్ వ్యవస్థలో సెకనుకు 90,000 టిక్కులు. ఈ అంకె ఎంపికలో వివేకం ఉంది. సెకనుకు 25 ఫ్రేమ్‌లయితే ఫ్రేమ్‌కు 3,600 టిక్కులు, 24 అయితే 3,750, 30 అయితే 3,000. అన్నీ పూర్ణాంకాలే.

చిక్కు అమెరికా టీవీ ప్రమాణమైన ఎన్‌టీఎస్‌సీతో వచ్చింది. 1953లో అక్కడ రంగుల ప్రసారాన్ని ఆమోదించినప్పుడు, రంగు సంకేతం శబ్ద సంకేతంతో కలిసి తెర మీద గీతలు పడకుండా, 30గా ఉన్న ఫ్రేమ్ రేటును 1001 వంతుల్లో ఒక వంతు తగ్గించారు. అలా వచ్చిన రేటు 30000/1001. వాడుకలో దీన్ని 29.97 అంటారు. దీనికి ఫ్రేమ్‌కు సరిగ్గా 3,003 టిక్కులు పడతాయి. అదే పద్ధతిలో తగ్గిన సినిమా రేటు 24000/1001కు మాత్రం ఫ్రేమ్‌కు 3,753.75 టిక్కులు వస్తాయి. ముప్పావు టిక్కును పూర్ణాంకంలో రాయలేం కాబట్టి మూడు ఫ్రేమ్‌లకు 3,754, నాలుగోదానికి 3,753 చొప్పున వేసుకుంటూ పోవాలి. వరుస ఫ్రేమ్‌ల మధ్య దూరం సమానంగా లేదని దీన్ని లోపంగా పట్టే ప్రోగ్రామ్ అసలు లోపం తనలోనే పెట్టుకున్నట్టు.

మత్రోస్కా అనే రకం ఫైళ్లలో టైమ్‌స్టాంప్ మామూలుగా మిల్లీసెకన్లలో ఉంటుంది. 24000/1001 రేటులో ఫ్రేమ్ నిడివి 41.708 మిల్లీసెకన్లు కాబట్టి, ఫైల్లో 42, 42, 41 ఇలా మారుతూ కనిపిస్తుంది. రెండు టైమ్‌స్టాంప్‌ల తేడాను చూసి ఫ్రేమ్ రేటు ఊహించే ప్లేయర్ ఇక్కడ తప్పులో పడుతుంది. ఎక్కువ ఫ్రేమ్‌ల మీద సగటు తీసి, దగ్గరలో ఉన్న ప్రామాణిక రేటుతో పోల్చి చూడాల్సి ఉంటుంది.

భారతదేశంలో అనలాగ్ టీవీ పాల్ పద్ధతిలో, సెకనుకు 25 ఫ్రేమ్‌లతో నడిచింది. 24 ఫ్రేమ్‌ల సినిమాను ఆ ప్రసారానికి మార్చే వాడుక పద్ధతి దాన్ని 4 శాతం పైచిలుకు వేగంగా తిప్పడం. ఈ వేగం తేడా సబ్‌టైటిళ్లలో బాగా బయటపడుతుంది. రెండున్నర గంటల తెలుగు సినిమాకు 25 ఫ్రేమ్‌ల ప్రతిని చూసి తయారుచేసిన సబ్‌టైటిల్ ఫైలును 23.976 ఫ్రేమ్‌ల ప్రతితో నడిపితే, మొదటి సంభాషణ దగ్గర తేడా కనిపించదు. క్లైమాక్స్‌కు వచ్చేసరికి అక్షరాలు మాట కంటే 6 నిమిషాలు ముందుంటాయి. ఇలాంటి ఫైలును ఒక స్థిరమైన అంతరంతో జరిపితే లాభం లేదు, నిష్పత్తితో సాగదీయాలి. తేడా మొదటి నుంచీ ఒకేలా ఉందా, పోనుపోను పెరుగుతోందా అన్నది చూస్తే చాలు, ఏ సవరణ కావాలో తెలిసిపోతుంది.

డీకోడ్ వరుస, ప్రదర్శన వరుస

ఆధునిక వీడియోలో ఫ్రేమ్‌లు మూడు రకాలు. ఐ-ఫ్రేమ్ తనంతట తాను పూర్తి బొమ్మ. పీ-ఫ్రేమ్ ముందు వచ్చిన బొమ్మతో తేడాను మాత్రమే దాస్తుంది. బీ-ఫ్రేమ్ తనకు ముందున్నదానిమీదా, తర్వాత రాబోయేదానిమీదా కూడా ఆధారపడగలదు. రాబోయే బొమ్మ మీద ఆధారపడాలంటే దాన్ని ముందుగా విప్పి ఉంచుకోవాలి. అందువల్ల ఫైల్లో ఫ్రేమ్‌లు ఉండే వరుస వేరు, ప్రేక్షకుడికి చూపే వరుస వేరు. దీనికోసం ఎంపెగ్ ప్రతి ఫ్రేమ్‌కు రెండు టైమ్‌స్టాంప్‌లు ఇస్తుంది. ఎప్పుడు విప్పాలో చెప్పేది డీటీఎస్, ఎప్పుడు చూపాలో చెప్పేది పీటీఎస్.

25 ఫ్రేమ్‌ల వీడియోలో తొలి నాలుగు బొమ్మలు తెర మీద ఐ, బీ1, బీ2, పీ అనే వరుసలో రావాలనుకుందాం. ఫైల్లో అవి ఐ, పీ, బీ1, బీ2గా ఉంటాయి. డీటీఎస్‌లు వరుసగా 0, 3600, 7200, 10800. పీటీఎస్‌లు ఐకి 3600, పీకి 14400, బీ1కి 7200, బీ2కి 10800. రెండు బీ-ఫ్రేమ్‌లకూ పీటీఎస్, డీటీఎస్ ఒక్కటే. ఐ-ఫ్రేమ్ మాత్రం విప్పిన తర్వాత ఒక ఫ్రేమ్ కాలం ఆగి తెర మీదికి వస్తుంది. ఆ ఆలస్యం లేకపోతే బీ1 సమయానికి పీ సిద్ధంగా ఉండదు.

ఇక్కడ రెండు బగ్‌లు తరచూ ఎదురవుతాయి. మొదటిది, డీటీఎస్‌నే పీటీఎస్‌గా వాడటం. అప్పుడు ఐ తర్వాత వెంటనే పీ కనిపించి, ఆపైన బీ1, బీ2 వస్తాయి. పరుగెత్తే మనిషి మూడడుగులు ముందుకు దూకి, రెండడుగులు వెనక్కి వచ్చినట్టు కనిపిస్తాడు. రెండోది మరింత నిగూఢం. డీకోడర్ బొమ్మలను సరైన వరుసలోనే ఇస్తుంది కానీ, ప్రోగ్రామ్ తాను చివరగా లోపలికి పంపిన ముక్క తాలూకు టైమ్‌స్టాంప్‌ను బయటికి వచ్చిన బొమ్మకు అతికిస్తుంది. బొమ్మలు సాఫీగా కదులుతున్నట్టే ఉంటాయి, శబ్దంతో మాత్రం పొంతన తప్పుతుంది. టైమ్‌స్టాంప్‌ను ముక్కతో పాటే డీకోడర్ లోపలికి పంపి, అది ఏ బొమ్మకు చెందిందో ఆ బొమ్మతోనే బయటికి తీసుకోవడం దీనికి సరైన మార్గం.

ఎంపీ4 ఫైళ్లలో ఈ రెండు సమయాల తేడాను ఒక పట్టికలో దాస్తారు. ఆ పట్టిక మొదటి రూపంలో తేడా ధన సంఖ్యగానే ఉండాలి, రెండో రూపంలో రుణ సంఖ్య కూడా కావచ్చు. మొదటి రూపమని రాసుకుని లోపల రుణ సంఖ్యలు పెట్టిన ఫైళ్లు నిజంగా ఉన్నాయి. నియమాన్ని అక్షరాలా పాటించే డీకోడర్ -1ని 429,49,67,295గా చదువుతుంది. 90,000 టిక్కుల కొలమానంలో ఆ ఒక్క ఫ్రేమ్ 13 గంటల 15 నిమిషాల తర్వాత చూపాల్సినదైపోతుంది.

గడియారాలు

టైమ్‌స్టాంప్ ఉంటే చాలదు, దాన్ని ఏ గడియారంతో పోల్చాలన్నది కూడా తేలాలి. ఒక ప్లేయర్‌లో కనీసం మూడు గడియారాలు నడుస్తుంటాయి. సౌండ్ కార్డు తన వేగంతో శబ్ద నమూనాలను ఖర్చు చేస్తుంది. తెర తన వేగంతో రిఫ్రెష్ అవుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ గడియారం వేరే స్ఫటికం మీద నడుస్తుంది. ఏ రెండూ పూర్తిగా సమానంగా సాగవు.

చాలా ప్లేయర్లు శబ్దాన్నే ప్రధాన గడియారంగా ఎంచుకుంటాయి. ఒక ఫ్రేమ్ రెండుసార్లు కనిపించినా కంటికి పెద్దగా పట్టదు కానీ, శబ్దంలో క్షణం ఖాళీ వచ్చినా చెవి పట్టేస్తుంది. అందుకని శబ్దాన్ని కదపకుండా బొమ్మనే ముందుకో వెనక్కో సర్దుతారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో వచ్చే ఎఫ్ఎఫ్‌ప్లే ఈ పద్ధతికి చదవదగ్గ నమూనా. బొమ్మకూ శబ్దానికీ తేడా ఎంతవరకు సహించాలన్నది అందులో ఫ్రేమ్ నిడివిని బట్టి 40 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్య ఉంటుంది. అది దాటితే ఫ్రేమ్‌ను ఎక్కువసేపు నిలపడమో వదిలేయడమో చేస్తుంది. తేడా 10 సెకన్లు మించితే టైమ్‌స్టాంపే నమ్మదగింది కాదని భావించి సర్దుబాటు మానేస్తుంది.

ప్రత్యక్ష ప్రసారంలో పంపేవారి గడియారాన్ని కూడా అనుసరించాలి. ఎంపెగ్-2 ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌లో 27 మెగాహెర్ట్జ్ గడియారం విలువను పీసీఆర్ పేరుతో కనీసం 100 మిల్లీసెకన్లకు ఒకసారి పంపాలి. ఆ గడియారం పదిలక్షల్లో 30 వంతుల కంటే ఎక్కువ తప్పకూడదు. ఆ కొద్ది తేడా కూడా గంటకు 108 మిల్లీసెకన్లు, రోజుకు రెండున్నర సెకన్లు పైగా అవుతుంది. పీసీఆర్‌ను పట్టించుకోకుండా సొంత గడియారంతో నడిచే రిసీవర్‌లో బఫర్ నెమ్మదిగా ఖాళీ అవుతుంది, లేదా నిండి పొర్లుతుంది. పరీక్ష గదిలో పది నిమిషాలు నడిపి చూసినవారికి ఈ బగ్ ఎప్పటికీ కనిపించదు.

ఆపరేటింగ్ సిస్టమ్ గడియారం విషయంలో నియమం స్పష్టం. గోడ గడియారాన్ని, అంటే తేదీ సమయం చెప్పే గడియారాన్ని, ప్లేబ్యాక్‌కు వాడకూడదు. నెట్‌వర్క్ సమయంతో సరిచూసుకున్నప్పుడో, వాడుకరి మార్చినప్పుడో అది వెనక్కి కూడా పోగలదు. ఎప్పుడూ ముందుకే సాగే మోనోటోనిక్ గడియారం లైనక్స్‌లోనూ విండోస్‌లోనూ విడిగా ఉంది, దాన్నే వాడాలి. తర్వాతి ఫ్రేమ్ దాకా ప్రోగ్రామ్ ఆగి ఉండే (స్లీప్) కాలం విషయంలోనూ జాగ్రత్త కావాలి. విండోస్‌లో టైమర్ మామూలు అడుగు 15.6 మిల్లీసెకన్లు. 60 ఫ్రేమ్‌ల వీడియోలో ఫ్రేమ్ నిడివే 16.7 మిల్లీసెకన్లు కాబట్టి, టైమర్ అడుగును తగ్గించుకోని ప్లేయర్ ఫ్రేమ్‌లు వదిలేస్తూ పోతుంది.

ప్రధాన లోపాలు

గుండ్రం చేయడం వల్ల వచ్చేవి. 29.97 రేటులో ఫ్రేమ్ నిడివి 33.37 మిల్లీసెకన్లు. దాన్ని 33గా తీసుకుని కూడుతూ పోతే ఫ్రేమ్‌కు మూడో వంతు మిల్లీసెకనుకు పైగా పోతుంది. గంట వీడియోలో అది దాదాపు 40 సెకన్ల తేడా. దశాంశ సంఖ్యలతోనూ పూర్తి భద్రత లేదు. 32 బిట్ల దశాంశ సంఖ్య 1,67,77,216 వరకే ప్రతి పూర్ణాంకాన్నీ విడిగా చూపగలదు. 90,000 టిక్కుల లెక్కలో అది 3 నిమిషాల 6 సెకన్లకే అయిపోతుంది. ఆ తర్వాత పక్కపక్క టిక్కులు ఒకే విలువలో కలిసిపోవడం మొదలవుతుంది. అందుకే పరిణతి చెందిన డీకోడర్లు సమయాన్ని 64 బిట్ల పూర్ణాంకంగా, టైమ్ బేస్‌ను లవం, హారం ఉన్న భిన్నంగా దాస్తాయి. ఒక టైమ్ బేస్ నుంచి మరోదానికి మార్చేటప్పుడు గుణకారం 64 బిట్లు దాటిపోకుండా చూసుకోవాలి, ఎటు గుండ్రం చేయాలో కూడా ముందే తేల్చుకోవాలి.

అంకె చుట్టు తిరగడం వల్ల వచ్చేవి. ఎంపెగ్ టైమ్‌స్టాంప్‌కు 33 బిట్లు ఉంటాయి. గరిష్ఠ విలువ చేరాక, పాత బండి మీటరు తిరిగి సున్నాకు వచ్చినట్టు, ఇదీ సున్నాకు వస్తుంది. ఇది 26 గంటల 30 నిమిషాల 44 సెకన్లకు ఒకసారి జరుగుతుంది. ఇంటర్నెట్ వీడియో కాల్స్‌లో వాడే ఆర్‌టీపీలో 32 బిట్లే కాబట్టి 13 గంటల 15 నిమిషాలకే జరుగుతుంది. పైగా ఆర్‌టీపీలో మొదటి విలువను యాదృచ్ఛికంగా ఎంచుకోవాలన్నది నియమం. కాల్ మొదలైన నిమిషానికే అంకె చుట్టు తిరగవచ్చు.

కొత్త విలువ పాతదానికంటే చిన్నదైతే 2 ఘాతం 33, అంటే 858,99,34,592 కలిపితే సరిపోతుందని తొలిచూపులో అనిపిస్తుంది. బీ-ఫ్రేమ్‌లు ఉంటే ఆ ఉపాయం విఫలమవుతుంది. చుట్టు తిరిగే చోట పీ-ఫ్రేమ్ పీటీఎస్ 3608, దాని తర్వాత ఫైల్లో వచ్చే బీ1 పీటీఎస్ 858,99,31,000, బీ2 పీటీఎస్ 8 అయ్యాయనుకుందాం. పీ చిన్నది కాబట్టి అంకె తిరిగిందని ప్రోగ్రామ్ గుర్తిస్తుంది, ఇకమీదట అన్నిటికీ ఆ పెద్ద సంఖ్య కలుపుతుంది. బీ1 నిజానికి తిరగకముందు కాలానిది. దానికీ కలపడంతో అది 26 గంటలు ముందుకు పోతుంది. తర్వాత బీ2 మళ్లీ చిన్నదిగా కనబడి ఇంకో చుట్టు చేరుతుంది. ప్లేయర్ రేపటి ఫ్రేమ్ కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంది. సరైన పద్ధతి విలువలను నేరుగా పోల్చకపోవడం. రెండింటి తేడాను 33 బిట్ల పరిధిలో తీసి, అది సగం చుట్టు కంటే ఎక్కువైతే వెనక్కి జరిగినట్టు, తక్కువైతే ముందుకు జరిగినట్టు లెక్కించాలి. రాత్రీ పగలూ ఆగకుండా నడిచే వార్తా చానళ్ల ప్రవాహాలకు ఇది రోజువారీ అవసరం.

కొలమానం పొరపాట్లు. 2003లో వచ్చిన హెచ్.264లో ఫ్రేమ్ రేటు లెక్కకు టైమ్ స్కేల్‌ను టిక్ యూనిట్ల సంఖ్యకు రెట్టింపుతో భాగించాలి, ఎందుకంటే అక్కడ టిక్కు ఫ్రేమ్‌లో సగమైన ఫీల్డ్‌కు చెందుతుంది. 25 ఫ్రేమ్‌ల వీడియోలో టైమ్ స్కేల్ 50, టిక్ యూనిట్ల సంఖ్య 1 అని ఉంటుంది. రెట్టింపు మరిచిన ప్రోగ్రామ్ దాన్ని 50 ఫ్రేమ్‌లుగా చదివి, వీడియోను రెండింతల వేగంతో పరుగెత్తిస్తుంది. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీలో ఈ రెట్టింపు లేదు. రెండింటికీ ఒకే కోడ్ వాడాలనుకున్నప్పుడు ఈ తేడా దగ్గర జాగ్రత్త పడాలి.

మొదట్లో చేరే ఆలస్యం. ఏఏసీ శబ్దాన్ని కుదించేటప్పుడు ముందు కొన్ని ఖాళీ నమూనాలు చేరతాయి. యాపిల్ ఎన్‌కోడర్ విషయంలో అవి 2,112. సెకనుకు 48,000 నమూనాల శబ్దంలో ఇది 44 మిల్లీసెకన్లు. ఎంపీ4 ఫైల్లోని ఎడిట్ లిస్ట్ ఈ ఖాళీని దాటేయమని చెబుతుంది. ఎడిట్ లిస్ట్‌ను చదవని ప్లేయర్‌లో సినిమా అంతటా శబ్దం ఆ మేరకు వెనకబడుతుంది.

టైమ్‌స్టాంప్ లేని ఫైళ్లు. వీడియో ఫర్ విండోస్ పద్ధతిలో ఒక ముక్క లోపలికి వెళితే ఒక బొమ్మ బయటికి రావాలి. బీ-ఫ్రేమ్‌లు ఈ నియమానికి లొంగవు. దాన్ని దాటడానికి డివ్‌ఎక్స్ ఫైళ్లలో ఒక పీ-ఫ్రేమ్‌నూ ఒక బీ-ఫ్రేమ్‌నూ ఒకే ముక్కలో కట్టి, తర్వాతి చోట ఖాళీ ఫ్రేమ్ పెట్టారు. ఇవాళ్టి డీకోడర్లు కూడా ఆ కట్టను గుర్తించి విప్పే కోడ్‌ను మోస్తూనే ఉన్నాయి. అలాంటి వీడియోలు ఇంకా జనం దగ్గర ఉన్నాయి కాబట్టి దాన్ని తీసివేయడం న్యాయం కాదు.

థ్రెడ్‌ల వల్ల వచ్చేవి. వేగం కోసం డీకోడర్ ఒకేసారి అనేక ఫ్రేమ్‌లను వేర్వేరు థ్రెడ్‌లలో విప్పుతుంది. 8 థ్రెడ్‌లుంటే తొలి బొమ్మ బయటికి రావడానికి అదనంగా 7 ఫ్రేమ్‌లు లోపలికి వెళ్లాలి. 25 ఫ్రేమ్‌ల వీడియోలో అది 280 మిల్లీసెకన్ల తేడా. టైమ్‌స్టాంప్‌ను తప్పుగా అతికించే పాత బగ్ ఒక థ్రెడ్‌తో నడిచినప్పుడు కంటికి ఆనకపోయినా ఇక్కడ పెద్దదై కనబడుతుంది. ఫైలు ముగిశాక లోపల మిగిలిన ఫ్రేమ్‌లను బయటికి తీయడం మరిస్తే, చివరి కొద్ది ఫ్రేమ్‌లు మాయమవుతాయి.

వీటికి తోడు అసలైన రేస్ కండిషన్లు ఉంటాయి. ఒక థ్రెడ్ విప్పే ఫ్రేమ్ మరో థ్రెడ్‌లో ఇంకా తయారవుతున్న ఫ్రేమ్ మీద ఆధారపడుతుంది. ఎన్ని వరుసలు పూర్తయ్యాయో మొదటిది ప్రకటించాలి, కావలసిన వరుస వచ్చేదాకా రెండోది ఆగాలి. ఆ ఆగడం ఒక్కచోట తప్పినా, వందసార్లు బాగా నడిచి నూటొకటోసారి బొమ్మలో చెత్త ముక్కలు కనిపిస్తాయి. కారణం వెతకడానికి లాగ్ సందేశాలు చేరిస్తే, వాటివల్ల థ్రెడ్‌ల వేగం మారి బగ్ కనిపించకుండా పోవచ్చు.

తెరతో పొసగకపోవడం. 60 హెర్ట్జ్ తెర మీద 24 ఫ్రేమ్‌ల సినిమా చూపాలంటే ఒక ఫ్రేమ్‌ను మూడు రిఫ్రెష్‌లు, తర్వాతిదాన్ని రెండు నిలపాలి. 25 ఫ్రేమ్‌లయితే కొలత మరింత ఎగుడుదిగుడుగా వస్తుంది. తెర సరిగ్గా 60 హెర్ట్జ్, వీడియో 59.94 అయితే దాదాపు 17 సెకన్లకు ఒకసారి ఒక ఫ్రేమ్ రెండుసార్లు కనిపిస్తుంది. ఇది డీకోడర్ తప్పు కాదు. ఎంపీవీ ప్లేయర్‌లో దీనికి ఒక మార్గం ఉంది. అది వీడియో వేగాన్ని తెరకు సరిపడేలా స్వల్పంగా మార్చి, శబ్దాన్ని అదే నిష్పత్తిలో సర్దుతుంది.

ఎంత తేడా తప్పు?

శబ్దం ముందొస్తే మనిషి త్వరగా పసిగడతాడు, వెనకొస్తే కొంత ఓర్చుకుంటాడు. లోకంలో కాంతి ముందూ శబ్దం వెనకా రావడం మనకు పుట్టుకతో అలవాటు. దూరాన చాకిరేవులో గుడ్డ బండకు తగలడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 నాటి సిఫారసు బీటీ.1359 ప్రకారం, శబ్దం 45 మిల్లీసెకన్లు ముందున్నా, 125 మిల్లీసెకన్లు వెనకున్నా ప్రేక్షకుడు గుర్తిస్తాడు. ముందు 90, వెనక 185 దాటితే ఒప్పుకోడు. ఐరోపా ప్రసార సంస్థల యూనియన్ సిఫారసు ఇంకా కఠినం: ముందు 40, వెనక 60. ఈ హద్దులు చూస్తే, ఎడిట్ లిస్ట్‌ను వదిలేయడం వల్ల వచ్చే 44 మిల్లీసెకన్లు చిన్న విషయం కాదని తెలుస్తుంది. కెమెరా, ఎడిటింగ్, ప్రసారం, సెట్‌టాప్ బాక్స్, టీవీ ఒక్కోటీ కొంత తేడా కలుపుతాయి. డీకోడర్ తన వంతు కలపకుండా ఉండటమే దాని ధర్మం.

నిర్ధారణ

టైమింగ్ బగ్‌ను కంటితో చూసి తేల్చకూడదు, అంకెల్లో చూడాలి. తొలి మెట్టు ఫైల్లోని ముక్కల టైమ్‌స్టాంప్‌లను, డీకోడర్ ఇచ్చిన ఫ్రేమ్‌ల టైమ్‌స్టాంప్‌లను విడివిడిగా అచ్చు వేసుకోవడం. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్ ఈ పనికి బాగా పనికొస్తుంది. మొదటి జాబితాలోనే తప్పుంటే ఫైలుదో, ఫైలును విడగొట్టే డీమక్సర్‌దో లోపం. మొదటిది బాగుండి రెండోది చెడితే డీకోడర్‌ది. రెండూ బాగుంటే ప్లేయర్ గడియారంలో వెతకాలి.

రెండో మెట్టు తేడా స్వభావం చూడటం. మొదటి నుంచీ స్థిరంగా ఉంటే ఆలస్యం లెక్కలో పొరపాటు. క్రమంగా పెరుగుతుంటే రేటులోనో గుండ్రం చేయడంలోనో పొరపాటు. ఒక్కసారిగా దూకితే అంకె తిరగడం, ప్రవాహం మధ్యలో ప్రకటన అతికించడం వంటివి. వీడియోను ముందుకు జరిపినప్పుడు మాత్రమే వస్తే, పాత ఫ్రేమ్‌లు బఫర్‌లో మిగిలిపోయాయని అనుమానించాలి. నడిపిన ప్రతిసారీ మారుతుంటే థ్రెడ్‌ల తగాదా. థ్రెడ్‌ల సంఖ్యను ఒకటికి తగ్గించి నడపగానే బగ్ పోతే దారి దాదాపు దొరికినట్టే. థ్రెడ్‌శానిటైజర్ వంటి పరికరాలు రెండు థ్రెడ్‌లు ఒకే జ్ఞాపకస్థానాన్ని కాపలా లేకుండా తాకిన చోటును పట్టిస్తాయి.

శబ్దం, బొమ్మ పొంతన కొలవడానికి ఒకే క్షణంలో తెర మెరిసి బీప్ వినిపించే పరీక్ష వీడియో వాడతారు. గతంలో బాగుండి ఇప్పుడు చెడిన సందర్భంలో గిట్‌లోని బైసెక్ట్ సాయపడుతుంది. అది మార్పుల చరిత్రను సగానికి సగం తగ్గించుకుంటూ పోతుంది కాబట్టి, వెయ్యి మార్పుల్లో దోషిని పది పరీక్షల్లో పట్టుకోవచ్చు.

సవరణ, పరీక్ష

సవరణలో మొదటి సూత్రం, తప్పు పుట్టిన చోటే దాన్ని దిద్దడం. శబ్దం 40 మిల్లీసెకన్లు వెనకబడిందని ప్లేయర్‌లో ఎక్కడో 40 తీసేసే కోడ్ రాస్తే ఆ ఫైలు బాగుపడుతుంది, బాగున్న ఫైళ్లు చెడతాయి. తర్వాత ఎవరో అసలు లోపాన్ని దిద్దినప్పుడు ఆ 40 మళ్లీ బగ్‌గా తిరిగొస్తుంది.

రెండో సూత్రం, తెలియని సమయాన్ని తెలియనిదిగానే ఉంచడం. టైమ్‌స్టాంప్ లేని ముక్కకు సున్నా అని రాయకూడదు, సున్నా కూడా నిజమైన సమయమే. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో లేని టైమ్‌స్టాంప్‌కు ప్రత్యేకమైన విలువ ఒకటి ఉంది. ఊహ తప్పనిసరైనప్పుడు, ఊహించిన విలువను వేరే ఫీల్డ్‌లో పెట్టి, ఫైలు చెప్పినదాన్ని చెక్కుచెదరకుండా ఉంచాలి. ఆ ప్రాజెక్టులో ఒక ఊహా పద్ధతి ఇలా నడుస్తుంది: పీటీఎస్‌లు ఎన్నిసార్లు వెనక్కి పోయాయో, డీటీఎస్‌లు ఎన్నిసార్లు పోయాయో లెక్కపెట్టి, తక్కువ తప్పులున్నదాన్ని నమ్ముతుంది.

మూడో సూత్రం, బగ్‌ను చూపిన ఫైలును పరీక్షల్లో శాశ్వతంగా చేర్చడం. ఎఫ్ఎఫ్ఎంపెగ్ పరీక్షా వ్యవస్థ పేరు ఫేట్. నమూనా ఫైలును విప్పగా వచ్చిన ప్రతి ఫ్రేమ్‌కూ డీటీఎస్, పీటీఎస్, నిడివి, పరిమాణం, చెక్‌సమ్ ఒక పాఠ్య ఫైల్లో వరుసగా ఉంటాయి. కొత్త కోడ్‌తో మళ్లీ విప్పి రెంటినీ పోలుస్తారు. ఒక ఫ్రేమ్ ఒక్క టిక్కు జరిగినా పరీక్ష విఫలమవుతుంది. బొమ్మ మారకుండా సమయం మాత్రమే మారిన సందర్భం కూడా ఇందులో దొరుకుతుంది. కేవలం బొమ్మల చెక్‌సమ్‌లు పోల్చే పరీక్షకు ఆ శక్తి లేదు.

ఇవి కాక ఫజింగ్ ఉంది. గూగుల్ 2016లో మొదలుపెట్టిన ఓఎస్ఎస్-ఫజ్, చెడగొట్టిన ఫైళ్లను డీకోడర్లకు అదేపనిగా తినిపిస్తుంది. దుర్మార్గంగా పెద్దవైన టైమ్‌స్టాంప్‌లను కూడినప్పుడు పూర్ణాంకం పొర్లిపోవడం ఇలాంటి పరీక్షలో బయటపడుతుంది. సీ భాషలో గుర్తు గల పూర్ణాంకం పొర్లితే ఏం జరగాలో నిర్వచనం లేదు కాబట్టి, ఇలాంటి లోపం భద్రతా సమస్యగా కూడా మారవచ్చు.

నిర్వహణ

డీకోడర్ కోడ్‌లో వింతగా కనిపించే చాలా షరతులకు వెనక ఒక నిజమైన ఫైలు ఉంటుంది. ఏదో ఒక కెమెరా, ఏదో ఒక ఎన్‌కోడర్ నియమం తప్పి రాసిన ఫైలు అది. కారణం రాయని షరతును కొత్తగా వచ్చిన ప్రోగ్రామర్ శుభ్రం చేస్తాడు, మూడు నెలల తర్వాత ఆ కెమెరా వాడినవారి వీడియోలన్నీ తడబడతాయి. అందువల్ల మార్పు సందేశంలో ఏ లక్షణం కనిపించింది, ఏ ఫైలులో, ఎందుకు, ఈ సవరణ దేన్ని మార్చదు అన్నవి రాయడం కోడ్ రాయడమంత ముఖ్యమైన పని.

ఏపీఐ రూపకల్పన కూడా నిర్వహణలో భాగమే. ఎఫ్ఎఫ్ఎంపెగ్ పాత ఏపీఐలో ఒక ముక్క పంపితే గరిష్ఠంగా ఒక బొమ్మ వచ్చేది. లోపల ఎన్ని బొమ్మలు ఆగి ఉన్నాయో వాడుకరి ప్రోగ్రామే చూసుకోవాల్సి వచ్చేది. 2016లో విడుదలైన 3.1 వెర్షన్ నుంచి పంపడం, అందుకోవడం వేర్వేరు పనులయ్యాయి. ఎన్ని ముక్కలకు ఎన్ని బొమ్మలన్న లంకె తెగిపోవడంతో, తప్పు టైమ్‌స్టాంప్ అతికించే అవకాశమే చాలావరకు తగ్గింది. ఒక్కో బగ్‌ను దిద్దడం కన్నా ఆ జాతి బగ్ పుట్టలేని రూపం ఇవ్వడం మేలని ఈ మార్పు చూపింది.

చరవాణి కెమెరాలు వెలుతురును బట్టి ఫ్రేమ్ రేటు మార్చుకుంటాయి. ఇంటర్నెట్ ప్రసారాల్లో మధ్యమధ్య ప్రకటనలు అతికి టైమ్‌స్టాంప్‌లు దూకుతాయి. కొత్త కోడెక్‌లు వస్తూనే ఉంటాయి. ఏవీ1 అనే కోడెక్ కోసం వీడియోలాన్ సంఘం 2018లో డావ్1డ్ డీకోడర్‌ను తెచ్చినప్పుడు, థ్రెడ్‌ల మధ్య పని పంపకమే దాని నిర్మాణంలో కీలకాంశమైంది. కోడెక్ మారినా, ఫైలు చెప్పిన సమయాన్ని నమ్మకంగా మోసే బాధ్యత మారదు.

ఇంట్లో పెళ్లి వీడియో, విశ్వవిద్యాలయం దాచిన ఉపన్యాసం, ఇరవై ఏళ్ల నాటి సినిమా డిస్క్ ఇవాళ తెరుచుకుని సరిగ్గా ఆడుతున్నాయంటే, వాటి ఫైలు రకాన్ని ఎవరో ఇంకా పరీక్షల్లో నిలిపి ఉంచారని అర్థం. డీకోడర్ నిర్వాహకుల్లో కొందరు ఈ పనిని జీతం లేకుండా, పేరు లేకుండా చేస్తారు. వారి పద్ధతిలో ఒక బగ్ మూతపడినట్టు లెక్క ఎప్పుడంటే, వీడియో సరిగ్గా ఆడినప్పుడు కాదు. ఆ ఫైలు నమూనాల్లో చేరి, దాని టైమ్‌స్టాంప్‌ల జాబితా కోడ్ భాండాగారంలో నమోదై, రేపు ఎవరు ఏ మార్పు చేసినా అదే జాబితాతో పోల్చి చూసే ఏర్పాటు జరిగినప్పుడు.